ఎక్స్‌పీ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో సౌండ్ రావడం లేదు, కొత్తగా పెట్టిన కార్డుకు డ్రైవర్ ఎక్కడం లేదు

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం.

మా నాన్నగారు చెప్పిన హరికథల క్యాసెట్లు మా ఇంట్లో ఒక పెట్టె నిండా ఉన్నాయి. శ్రీరామనవమి పందిళ్లలో, గుడి ఉత్సవాల్లో ఎవరో ఒకరు టేప్ రికార్డర్ పెట్టి పట్టినవే అవన్నీ. టేపు పూర్తిగా పాడైపోకముందే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నా కోరిక. ఇప్పుడు నేను వాడుతున్న ల్యాప్‌టాప్‌కు హెడ్‌సెట్ పెట్టుకొనే జాక్ ఒక్కటే ఉంది, అందులోని మైకు దారి మోనో మాత్రమే. అందుకే లైన్ ఇన్ (టేప్ డెక్ వంటి వాటి ధ్వనిని స్టీరియోగా లోపలికి తీసుకొనే జాక్) ఉన్న పాత డెస్క్‌టాప్‌ను మళ్లీ బయటికి తీశాను. పెంటియం 4 ప్రాసెసర్, ఇంటెల్ 865 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 1 జీబీ మెమరీ, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3.

చాలాకాలం మూలన పడి ఉన్నందున క్యాబినెట్ విప్పి దుమ్మంతా దులిపాను. ముందువైపు హెడ్‌ఫోన్ జాక్ ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి, దాని నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే తీగను కూడా పీకేశాను. ఆ తరువాత కంప్యూటర్ బాగానే పనిచేస్తున్నది గానీ వెనుకవైపు స్పీకర్ జాక్ నుంచి సౌండ్ రావడం ఆగిపోయింది. డివైస్ మేనేజర్‌లో ఏ తప్పూ కనిపించడం లేదు, వాల్యూమ్ పట్టీలు కదులుతూనే ఉన్నాయి. డ్రైవర్లన్నీ తానే వెతికి అప్‌డేట్ చేస్తానని చెప్పే ఒక ప్రోగ్రామ్ వాడి చూశాను, ఫలితం లేదు. ఎక్స్‌పీని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసినా మార్పు రాలేదు.

మదర్‌బోర్డులోని సౌండే పోయిందనుకొని, పాత సామాను అమ్మే చోట క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ లైవ్ 5.1 కార్డు ఒకటి కొని పీసీఐ స్లాట్‌లో పెట్టాను. ఇప్పుడు డివైస్ మేనేజర్‌లో మల్టీమీడియా ఆడియో కంట్రోలర్ అనే పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు, కోడ్ 28 కనిపిస్తున్నాయి. క్రియేటివ్ లైవ్ డ్రైవర్ దించుకొని నడిపితే, ఈ కంప్యూటర్‌లో తగిన కార్డు కనబడలేదని చెప్పి ఆగిపోతున్నది. కార్డు చెడిపోయిందా, లేక నేను దించుకొన్న డ్రైవర్ పాతదా? ఇంతకంటే కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (పాతయంత్రం)

నమస్కారం. మీరు రాసినదాన్ని బట్టి ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి, వాటిలో మొదటిదానికి డ్రైవర్‌తో సంబంధమే లేదని నాకు గట్టిగా అనిపిస్తున్నది. కాబట్టి కొత్త డ్రైవర్ల వేటను కాసేపు ఆపి, ముందు క్యాబినెట్ లోపలి విషయం చూద్దాం.

ఏసీ 97 అనే సౌండ్ ప్రమాణం వాడిన ఆ కాలపు బోర్డుల్లో సౌండ్ చిప్ నుంచి బయలుదేరిన సిగ్నల్ నేరుగా వెనుక జాక్‌కు వెళ్లదు. ముందుగా ఎఫ్‌పీ ఆడియో అని రాసి ఉండే పిన్నుల వరుసకు వెళ్లి, అక్కడి నుంచి ముందువైపు హెడ్‌ఫోన్ జాక్ గుండా తిరిగి వచ్చి, ఆ తరువాతే వెనుక జాక్‌కు చేరుతుంది. ముందువైపు హెడ్‌ఫోన్ పెడితే వెనుక స్పీకర్లు వాటంతటవే ఆగిపోయే ఏర్పాటు దీనివల్లనే సాధ్యమయ్యేది. మీరు ఆ తీగ పీకేసినప్పుడు సిగ్నల్ తిరిగి వచ్చే దారి తెగిపోయింది. అందుకే డ్రైవర్ సక్రమంగా ఉన్నా, వాల్యూమ్ పట్టీలు కదులుతున్నా, స్పీకర్‌కు మాత్రం ఏమీ అందడం లేదు. విండోస్‌కు ఈ తెగిన దారి సంగతి తెలిసే అవకాశం లేదు గనుక డివైస్ మేనేజర్ అంతా బాగున్నదనే చూపిస్తుంది.

కంప్యూటర్ ఆపి, పవర్ తీగ కూడా గోడ నుంచి తీసేసి, ఆ పిన్నుల వరుసను చూడండి. రెండు వరుసల్లో పది స్థానాలు ఉంటాయి, ఎనిమిదో స్థానంలో పిన్ను ఉండదు, దాన్ని బట్టి లెక్క తప్పకుండా చూసుకోవచ్చు. 5, 6 పిన్నులను ఒక జంపర్‌తోను (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు), 9, 10 పిన్నులను మరొక జంపర్‌తోను కలపాలి. మొదటి జత కుడి ఛానల్‌ది, రెండోది ఎడమ ఛానల్‌ది. పాత ఐడీఈ హార్డ్ డిస్క్ వెనుక మాస్టర్, స్లేవ్ నిర్ణయించడానికి పెట్టే చిన్న జంపర్లు వీటికి సరిగ్గా సరిపోతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: 4వ పిన్నులో 5 వోల్టుల కరెంటు ఉంటుంది, 2వది గ్రౌండ్. ఆ రెంటినీ పొరపాటున కలిపితే బోర్డుకు నష్టం జరుగుతుంది. మీ బోర్డు మాన్యువల్ దొరికితే అందులోని బొమ్మతో సరిపోల్చుకొన్న తరువాతే జంపర్ పెట్టండి.

ఇక కార్డు విషయం. కోడ్ 28 అంటే ఆ పరికరానికి డ్రైవర్ ఇన్‌స్టాల్ కాలేదని మాత్రమే అర్థం. కార్డు పాడైందని కాదు. పైగా విండోస్ దాన్ని గుర్తించి జాబితాలో చూపిస్తున్నదంటే, కనీసం పీసీఐ స్లాట్ గుండా కార్డు జవాబిస్తున్నట్టే. అయితే అసలు లైవ్ కార్డులో ఉండే ఈఎంయూ 10కే1 చిప్‌కు ఎక్స్‌పీ సీడీలోనే డ్రైవర్ ఉంది. అటువంటి కార్డు పెడితే పసుపు గుర్తు లేకుండా దానంతటదే పనిచేయాలి. మీ దగ్గర అలా జరగలేదు కాబట్టి, పేరు లైవ్ అయినా లోపలి చిప్ వేరేదై ఉంటుందని నా అనుమానం.

డివైస్ మేనేజర్‌లో ఆ పసుపు గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేసి, డీటెయిల్స్ అనే ట్యాబ్‌కు వెళ్తే పీసీఐ అని మొదలయ్యే ఒక పొడుగాటి వరుస కనిపిస్తుంది. అందులో వీఈఎన్ పక్కన ఉన్న నాలుగు అంకెలు తయారీదారును, డీఈవీ పక్కన ఉన్న నాలుగు అంకెలు చిప్‌ను తెలుపుతాయి. ఆ రెండు సంఖ్యలనూ ఇక్కడ రాయండి. వీలైతే కార్డు బయటికి తీసినప్పుడు దాని మీద ఎస్‌బీ అని గానీ సీటీ అని గానీ మొదలయ్యే మోడల్ సంఖ్య ఏమున్నదో కూడా చూడండి. అట్టపెట్టె మీది పేరు, అమ్మినవారు చెప్పిన మాట ఈ విషయంలో పనికిరావు.

డ్రైవర్లను తానే వెతికి పెట్టే ప్రోగ్రామ్‌ను మాత్రం దయచేసి తీసేయండి. ఇరవై ఏళ్ల నాటి సౌండ్ చిప్‌కు కొత్త డ్రైవర్లు రావడం ఏనాడో ఆగిపోయింది. అటువంటి ప్రోగ్రాములు దగ్గరి పోలిక ఉన్న మరో చిప్ డ్రైవర్‌ను అంటగట్టి, ఉన్న కాస్త పనినీ చెడగొట్టే సందర్భాలే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారి జవాబు

అయ్యా, మీకు ఎంతగా ధన్యవాదాలు చెప్పుకోవాలో తెలియడం లేదు. పాత హార్డ్ డిస్క్ జంపర్లు తీసి మీరు చెప్పిన పిన్నులకు పెట్టగానే వెనుక జాక్ నుంచి సౌండ్ వచ్చింది. ఆ తీగకూ వెనుక స్పీకర్‌కూ సంబంధం ఉంటుందని మా ఊరి సర్వీసింగ్ కుర్రవాళ్లు కూడా అనుకోలేదు.

కార్డు వివరాలు: వీఈఎన్ 1102, డీఈవీ 0006. కార్డు మీద ఎస్‌బీ 0200 అని ముద్రించి ఉంది. బోర్డు సౌండే పనిచేస్తున్నప్పుడు ఇక ఈ కార్డు అవసరమా అన్నది కూడా చెప్పగలరు. నాకు కావలసింది వినడం కంటే రికార్డింగ్ బాగా రావడం.

సమాధానం 2 (శబ్దలోకం)

పాతయంత్రం గారి అనుమానం నిజమే. 1102 అంటే క్రియేటివ్, అంతవరకు సరే. కానీ అసలు సౌండ్ బ్లాస్టర్ లైవ్ చిప్ సంఖ్య 0002, క్రియేటివ్‌దే ఆడిజీ అనే మరో కార్డుది 0004, తరువాత వచ్చిన లైవ్ 24 బిట్ కార్డుది 0007. మీరు చెప్పిన 0006 ఈఎంయూ 10కే1ఎక్స్ అనే వేరే చిప్. డెల్ కంప్యూటర్లలో అమర్చడానికి తయారైన లైవ్ కార్డుల్లో ఇది ఉండేది. పేరులో చివరి అక్షరం ఒక్కటే తేడాగా కనిపించినా నిర్మాణం వేరు, అసలు లైవ్‌కు పేరు తెచ్చిన డీఎస్‌పీ (ధ్వనిని మలిచే ప్రాసెసర్) ఇందులో లేదు. అందువల్ల లైవ్ కోసం విడిగా దొరికే డ్రైవర్ ప్యాకేజీకి ఇది కార్డుగానే కనబడదు. స్వచ్ఛందంగా కొందరు రాసిన కేఎక్స్ డ్రైవర్ కూడా ఈ చిప్‌కు పనిచేయదు కాబట్టి, ఎవరైనా దాన్ని సూచిస్తే ఆ శ్రమ పెట్టుకోకండి.

మీకు కావలసింది ఆ కార్డు అమర్చిన డెల్ డైమెన్షన్ డెస్క్‌టాప్‌ల కోసం, ఎక్స్‌పీకి విడుదలైన సౌండ్ డ్రైవర్. ఎక్కడ దొరికినా సరే, ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక పరీక్ష చేయండి. ప్యాకేజీని విప్పితే ఐఎన్ఎఫ్ అనే కొసతో ముగిసే ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీరు పైన రాసిన చిప్ సంఖ్య, అంటే డీఈవీ 0006, అందులో ఉందో లేదో వెతకండి. ఉంటే ఆ డ్రైవర్ మీ కార్డు కోసం రాసినదే, లేకపోతే దాన్ని ఎన్నిసార్లు నడిపినా ఉపయోగం ఉండదు. సౌండ్ కార్డుకే కాదు, ఏ పాత పరికరానికైనా, ఏ వెబ్‌సైట్‌లో దొరికిన డ్రైవర్‌కైనా ఈ పరీక్ష వర్తిస్తుంది. డ్రైవర్ పేరులోని వెర్షన్ సంఖ్య, తేదీ చూసి మురిసిపోవడం కంటే ఇది ఎంతో నమ్మదగినది.

దించుకోవడం మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో చేసి, వైరస్ తనిఖీ అయిన తరువాత పెన్ డ్రైవ్‌లో పాత కంప్యూటర్‌కు తీసుకువెళ్లండి. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచడమే మంచిది. ఇన్‌స్టాల్ చేసే ముందు సిస్టమ్ రీస్టోర్‌లో ఒక గుర్తింపు బిందువు పెట్టుకొంటే, వికటించినప్పుడు వెనక్కి వెళ్లవచ్చు. మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్ ఇంకా వేయకపోతే ముందు అది, తరువాత సౌండ్ డ్రైవర్.

ఇక కార్డు అవసరమా అన్న ప్రశ్నకు నా సమాధానం: చెవితోనే తేల్చుకోండి. ముందుగా టేప్ డెక్ ఆన్ చేసి, క్యాసెట్ నడపకుండా, బోర్డులోని లైన్ ఇన్ గుండా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కార్డు పనిచేయడం మొదలుపెట్టిన తరువాత అదే స్థాయిలో దానితోనూ చేయండి. రెండు ఫైళ్లనూ హెడ్‌ఫోన్‌లో వాల్యూమ్ పెంచి వింటే, ఏ దారిలో హిస్ (బుసమనే చప్పుడు) గానీ, మౌస్ కదిపినప్పుడు వచ్చే సన్నని కీచు గానీ ఎక్కువగా ఉన్నదో వెంటనే తెలుస్తుంది. బోర్డులోని సౌండే శుభ్రంగా ఉంటే కార్డును పక్కన పెట్టేయడంలో నష్టమేమీ లేదు. ఒకవేళ కార్డునే వాడదలచుకొంటే, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకొనే సెట్టింగుల్లో) బోర్డు ఆడియోను డిసేబుల్ చేయండి. అది చేసిన తరువాత కూడా కంప్యూటర్ ఆపి పెట్టిన ప్రతిసారీ బోర్డు సౌండ్ మళ్లీ ప్రత్యక్షమై, గడియారం కూడా వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టు. అది మార్చితే సరిపోతుంది.

సమాధానం 3 (విశాఖ నుంచి, లినక్స్ వాడుకరి)

డ్రైవర్ దొరకక ఆగిపోతే కార్డు బాగున్నదో లేదో తెలుసుకోవడానికి మరొక దారి ఉంది. లినక్స్ కెర్నెల్‌లో (దాని మూల భాగంలో) అసలు లైవ్ చిప్‌కూ మీ చిప్‌కూ వేర్వేరు మాడ్యూళ్లు, అంటే డ్రైవర్లు, ఉన్నాయి. మీ 0006 చిప్ మాడ్యూల్ కూడా అందులోనే వస్తుంది గనుక విడిగా దించుకోవలసింది ఏమీ ఉండదు. 32 బిట్ లినక్స్‌ను సీడీ మీదకు ఎక్కించి, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా దాని నుంచే బూట్ చేసి చూడండి. సౌండ్ వస్తే కార్డు బాగున్నట్టే, లోపం ఎక్స్‌పీ డ్రైవర్‌ది. లినక్స్ రకాల్లో డెబియన్ తీసుకొనేటట్టయితే 12వ వెర్షన్ వరకే చూడండి. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌కు 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు.

మొదటిసారి లినక్స్‌లో సౌండ్ రాకపోతే కంగారుపడవద్దు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిస్తే కొన్ని పట్టీల కింద రెండు ఎం అక్షరాలు కనిపిస్తాయి, అంటే ఆ దారి మూసి ఉన్నదని అర్థం. ఎం మీట నొక్కితే తెరుచుకొంటుంది. అసలు లైవ్, ఆడిజీ కార్డులు ఉన్నవారు ఈ చర్చ చదువుతుంటే వారికి ఒక మాట: అక్కడ అనలాగ్, డిజిటల్ అవుట్‌పుట్ జాక్ అనే మీట ఒకటి ఉంటుంది, అది డిజిటల్ వైపు ఉంటే మామూలు స్పీకర్లకు సౌండ్ రాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీరందరూ చెప్పినట్టే చేశాను. ఐఎన్ఎఫ్ ఫైల్‌లో 0006 ఉన్న ప్యాకేజీ దొరికింది, పసుపు గుర్తు పోయింది. నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పోల్చి చూస్తే కార్డులోనే హిస్ తక్కువగా ఉంది, అందుకే దాన్నే ఉంచుకొన్నాను.

అయితే ఒక హరికథ రికార్డు చేసి వింటే మధ్యమధ్య ఒక క్షణం మాట తెగిపోయి మళ్లీ అందుకొంటున్నది. హార్డ్ డిస్క్ దీపం గట్టిగా వెలిగినప్పుడు ఇది ఎక్కువ, ఆ సమయంలో మౌస్ కూడా పట్టుపట్టి కదులుతున్నది. అదే క్యాసెట్ టేప్ డెక్‌లో నేరుగా వింటే శుభ్రంగానే ఉంది. డ్రైవర్ మళ్లీ మార్చవలసి ఉంటుందా?

సమాధానం 4 (పాతయంత్రం)

డ్రైవర్‌ను ముట్టుకోవద్దు. మౌస్ కూడా పట్టుపడుతున్నదని రాశారు, అసలు సంగతి అక్కడే ఉంది. సౌండ్ డ్రైవర్ లోపమైతే మౌస్‌కు, డిస్క్ దీపానికి దానితో పని ఉండదు.

ఎక్స్‌పీకి ఒక అలవాటు ఉంది. హార్డ్ డిస్క్‌తో మాట్లాడేటప్పుడు టైమౌట్ లేదా సీఆర్‌సీ (సమాచారం చెడకుండా చేరిందో లేదో చూసే పరీక్ష) తప్పులు ఎదురైతే వాటిని లెక్కపెట్టుకొంటూ, మొత్తం ఆరు దాటాక డిస్క్ వేగాన్ని ఒక్కో మెట్టు దించుతూ, చివరికి డీఎంఏ పద్ధతి వదిలేసి పీఐఓ అనే పాత పద్ధతికి చేరుకొంటుంది. డీఎంఏలో డిస్క్ నుంచి సమాచారం నేరుగా మెమరీలోకి వెళ్తుంది. పీఐఓలో మాత్రం ప్రాసెసరే ప్రతి ముక్కనూ తన చేతులమీదుగా మోయాలి, ఆ పనిలో ఉండగా సౌండ్ కార్డు నిండిన బఫర్‌ను (ధ్వనిని తాత్కాలికంగా దాచే చోటు) సమయానికి అందుకొనే తీరిక దానికి ఉండదు. అప్పుడే మీకు ఆ క్షణకాలపు ఖాళీలు వస్తున్నాయి. ఇవి రికార్డింగ్‌లోనే పోయిన మాటలు కాబట్టి తరువాత సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయడానికి వీలుపడదు, ఆ క్యాసెట్‌ను మళ్లీ ఎక్కించవలసిందే.

డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద ప్రైమరీ ఐడీఈ ఛానల్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ ఏమని ఉన్నదో చూడండి. అల్ట్రా డీఎంఏ మోడ్ 5 అని ఉంటే నా అంచనా తప్పినట్టు. పీఐఓ అని ఉంటే, ముందుగా డిస్క్ తీగ మార్చండి. దుమ్ము దులిపినప్పుడు అది కదిలి ఉండవచ్చు, లేదా మడత పడి లోపల తెగి ఉండవచ్చు. కొత్తది 80 తీగలున్న సన్నని పట్టీ కావాలి, 40 తీగలది పెడితే వేగం తక్కువ మెట్టులోనే ఆగిపోతుంది. తీగ మార్చిన తరువాత ఆ ప్రైమరీ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే, ఎక్స్‌పీ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏకు తిరిగి వస్తుంది. తీగ మార్చకుండా ఈ పని ఒక్కటే చేస్తే తప్పులు మళ్లీ పేరుకొని కొన్నాళ్లకు పాత స్థితికే చేరుతుంది. మంచి తీగ పెట్టినా మళ్లీ పీఐఓకు జారుతుంటే డిస్కే అరిగిపోతున్నదని భావించి, ఇప్పటిదాకా చేసిన రికార్డింగులను ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి.

సమాధానం 5 (శబ్దలోకం)

పాతయంత్రం గారు చెప్పినది పూర్తయ్యాక రికార్డింగ్ గురించి రెండు మాటలు. టేప్ డెక్ లైన్ అవుట్ నుంచి వచ్చే తీగను కార్డులోని లేత నీలం జాక్‌కే పెట్టండి. గులాబీ రంగుది మైకు కోసం. అందులో సిగ్నల్‌ను పెంచే భాగం ఉంటుంది గనుక డెక్ నుంచి వచ్చే ధ్వని పగిలిపోతుంది. వాల్యూమ్ కంట్రోల్‌లో ఆప్షన్స్, ప్రాపర్టీస్, రికార్డింగ్ అని వెళ్లి లైన్ ఇన్‌కు టిక్ పెట్టాలి. హరికథలో దాసుగారు మాటలో ఉన్నప్పటి స్థాయికీ, పాట ఎత్తుకొని చిడతలు వాయించినప్పటి స్థాయికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి, చిడతలు గట్టిగా వినిపించే చోటు ముందు నడిపి, అక్కడ మీటరు ఎరుపు తాకకుండా స్థాయి సరిచేసుకోండి.

ఈ కార్డు లోపల పనిచేసేది 48 కిలోహెర్ట్‌జ్ మీదనే. అందుకని మీరు కూడా 48 కిలోహెర్ట్‌జ్, 16 బిట్, స్టీరియోగానే పట్టండి. ఆడియో సీడీ కావలసినప్పుడు 44.1కు మార్చే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి, కార్డు చేత చేయించకండి. వేవ్ ఫైల్‌గా దాస్తే నిమిషానికి సుమారు 11.5 ఎంబీ, 90 నిమిషాల క్యాసెట్‌కు 1 జీబీ పైచిలుకు అవుతుంది. ఎంపీ3గా మార్చేది ఇతరులకు పంపే ప్రతిని మాత్రమే, మూల ప్రతి వేవ్‌లోనే ఉండాలి. పెన్ డ్రైవ్ ఫ్యాట్ 32లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, క్యాసెట్‌లో ఒక్కో వైపుకు ఒక ఫైల్ చొప్పున పెట్టుకొంటే ఆ ఇబ్బంది రాదు. ఫైల్ పేరులో కథ పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం రాయండి. క్యాసెట్ అట్ట మీద మీ నాన్నగారి చేతిరాత ఉంటే దాన్ని ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో ఉంచండి.